స్టేబుల్‌లో వైఫై లేదు, వైఫై ఉన్నది స్టేబుల్ కాదు: కావలిలో ఒక ల్యాబ్, ఐదు నెలలు

2025 మే 7, బుధవారం మధ్యాహ్నం. ఆ ఎండకు కావలి ట్రంక్ రోడ్డు మీద మనిషి జాడ లేదు. అలాంటి వేళ ఇరవై అట్టపెట్టెలు ఆటోలో మా డిగ్రీ కాలేజీ గేటు ముందు దిగాయి. అరచేతి కన్నా కాస్త పెద్ద మినీ పీసీలు. ఎనిమిది జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ, లోపలే వైఫై. ఒక్కోటి రూ. 13,800, ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) లేకుండా. ఓఎస్ లేకుండా తెప్పించమన్నది నేనే. పాత ల్యాబ్ మొత్తం డెబియన్ 12 (ఉచిత లైనక్స్ ఓఎస్, అప్పటి "స్టేబుల్", అంటే స్థిరమైన విడుదల) మీద రెండేళ్లుగా నోరెత్తకుండా నడుస్తోంది, ఇవీ అలాగే నడుస్తాయని నా ధీమా.

ఈసారి ల్యాబ్‌ను పై అంతస్తుకు మార్చారు. కొత్త గదిలో ప్లగ్గులున్నాయి కానీ నెట్‌వర్క్ తీగ లేదు. తీగ లాగడానికి నెల్లూరు నుంచి వచ్చిన కొటేషన్ 38 వేలు. ప్రిన్సిపాల్ గారు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "దాంట్లో వైఫై ఉండాది గదబ్బయా, ఇంక తీగలెందుకు మనకి?" అన్నారు. నిజమే అనిపించింది. అక్కడే నా మెడకు తాడు పడింది.

మరుసటి రోజు మొదటి పెట్టెకు పెన్‌డ్రైవ్ గుచ్చాను. ఇన్‌స్టాలర్ నెట్‌వర్క్ కార్డు దొరకలేదంది. నా ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ ఆన్ చేస్తే అది మామూలు లాన్ కార్డులా కనపడింది, పని జరిగిపోయింది. ఈ చిట్కా గుర్తుంచుకోండి, కొత్త మెషీన్‌తో చిక్కుకున్నప్పుడు ఇదొక్కటే దిక్కు. డెస్క్‌టాప్ వచ్చింది, సౌండ్ వచ్చింది, వైఫై గుర్తు మాత్రం రాలేదు.

చిప్ చూస్తే ఆర్‌టీఎల్ 8852బీఈ. దాని డ్రైవర్ (చిప్‌ని నడిపే ప్రోగ్రామ్) లైనక్స్ కెర్నెల్, అంటే ఓఎస్ గుండెకాయ, 6.2 వెర్షన్‌లో చేరింది. డెబియన్ 12లో ఉన్నది 6.1. ఆ వెర్షన్ 2022 డిసెంబర్‌లో వచ్చింది, ఎక్కువకాలం మద్దతుండే ఎల్‌టీఎస్ అని దాన్ని ఎంచుకున్నారు. 6.2 వచ్చింది 2023 ఫిబ్రవరిలో, అప్పటికే డెబియన్ 12 ఫ్రీజ్‌లో ఉంది, అంటే విడుదలకి ముందు కొత్త మార్పులకి తలుపులు మూసేసే దశలో. ఒక్క అంకె తేడా. కళ్లెదుటే పినాకిని ఎక్స్‌ప్రెస్ కదిలిపోయినట్టుంది నాకు. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఇరవై పీసీలంటే రెండు లక్షల 76 వేలు, ఓఎస్ వద్దన్నది నేను, సంతకం నాది.

మొదట నేను చేసింది తప్పు పని. ఆ డ్రైవర్‌ని సొంతంగా కంపైల్ చేసుకునే మార్గం ఒకటుంది, దాన్ని పట్టుకున్నా. ఒక మెషీన్ మీద మే 12న ఎక్కించా. సెక్యూర్ బూట్ (సంతకం లేని కోడ్‌ని నడవనివ్వని కాపలా) ఆన్‌లో ఉంది కాబట్టి డ్రైవర్‌కి సొంత తాళం చేయించాలి. తర్వాతి బూట్‌లో నీలం తెర వస్తుంది, పది సెకన్లలో ఏదో ఒక కీ నొక్కి పాస్‌వర్డ్ కొట్టాలి. నొక్కకపోతే ఏమీ జరగనట్టు బూట్ అయిపోతుంది, మళ్లీ మొదటికి. నేను రెండుసార్లు మిస్సయ్యా. ఇరవై మెషీన్లకూ ఇలా చేయాలా అని ఒళ్లు మండింది గానీ, మొత్తానికి వైఫై వచ్చింది. ఇంటికెళ్లి ప్రశాంతంగా చేపల పులుసు తిన్నా.

ఆ ప్రశాంతత ఐదు రోజులు. మే 17న డెబియన్ 12.11 వచ్చింది, దాంతోపాటు కొత్త కెర్నెల్ అప్‌డేట్. సోమవారం ఆ మెషీన్‌ని ఆన్ చేస్తే వైఫై మాయం. నేను పాత కెర్నెల్‌కి సరిపడే హెడర్స్ (డ్రైవర్ కంపైల్ చేయడానికి కావాల్సిన ఫైళ్లు) మాత్రమే ఎక్కించానట, కొత్త కెర్నెల్‌కి డ్రైవర్ కట్టుకోవడానికి సామాను లేదు. ఇది నా పొరపాటే, కెర్నెల్ మారినప్పుడల్లా సరిపడే హెడర్స్‌ని తెచ్చే మెటా ప్యాకేజీ వేసుంటే సరిపోయేది. కానీ ప్రతి సెక్యూరిటీ అప్‌డేట్‌కీ ఇరవై మెషీన్ల వైపు భయంగా చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదనిపించింది.

విచిత్రమేమిటంటే, రాబోయే డెబియన్ 13కి హార్డ్ ఫ్రీజ్ మొదలైంది కూడా అదే మే 17న. మార్చి 15న తొలి ఫ్రీజ్, ఏప్రిల్ 15న సాఫ్ట్ ఫ్రీజ్, ఇప్పుడిది. దాంట్లో కెర్నెల్ 6.12, అంటే నా వైఫై తిన్నగా పనిచేస్తుంది. కానీ ఆ రోజుకి విడుదల తేదీ ఎవరూ చెప్పలేదు. మా క్లాసులు జూన్ చివర్లో మొదలు, జూలై చివర మిడ్ పరీక్షలు ల్యాబ్‌లోనే.

అప్పుడు నాకు మిగిలినవి ఇవీ: టెస్టింగ్‌లో ఉన్న 13ని ధైర్యం చేసి పెట్టేయడం, లేదా 12 మీదే బ్యాక్‌పోర్ట్స్ (కొత్త ప్యాకేజీలను పాత విడుదలకి సరిపడేలా కట్టి ఇచ్చే చోటు) నుంచి కొత్త కెర్నెల్ ఒక్కటి తెచ్చుకోవడం, లేదా మెషీన్‌కి రూ. 550 చొప్పున పాత రకం యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొనడం. డాంగిల్ మాట ఎత్తగానే అకౌంట్స్ ఆయన, "వైఫై ఉన్నదానికి మళ్లీ వైఫై కొంటావా సామీ?" అన్నాడు. సమాధానం చెప్పలేకపోయా.

మే 19 సాయంత్రం బ్యాక్‌పోర్ట్స్ లైన్ కలిపి 6.12 కెర్నెల్ దింపా. రీబూట్. వైఫై గుర్తు ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టు వచ్చి కూర్చుంది. నీలం తెర లేదు, తాళాల గొడవ లేదు, ఎందుకంటే బ్యాక్‌పోర్ట్స్ కెర్నెల్‌కి కూడా డెబియన్ వాళ్ల సంతకం ఉంటుంది. మిగతా ప్యాకేజీలన్నీ 12వే. ఇంత సులువు దారిని వదిలేసి వారం రోజులు ఏం చేశానా అని సిగ్గేసింది. ఒక్క మెలిక ఉంది: బ్యాక్‌పోర్ట్స్‌కి సెక్యూరిటీ టీమ్ కాపలా స్టేబుల్‌కి ఉన్నంత గట్టిగా ఉండదు. అప్‌డేట్ వచ్చిందా లేదా అని మనమే కన్నేసి ఉంచాలి.

ఇరవై మెషీన్లకూ ఎక్కించడానికి ఐదు రోజులు పట్టింది. పనిని పొడిగించింది లైనక్స్ కాదు, కరెంటు. మధ్యాహ్నం రెండింటికి పోతే నాలుగున్నరకి వచ్చేది. గదిలో ఫ్యాన్ తిరగదు, మినీ పీసీల మీద చెయ్యి పెడితే పెనం. ఇంకొకటి, ఇరవై మెషీన్లూ అవే ప్యాకేజీలను విడివిడిగా దింపుకుంటే మా నెట్ ఏమవుతుందో ఊహించండి. కింద ఆఫీసు గదిలో ప్రింటర్‌కి కట్టేసిన పాత 32 బిట్ పీసీ ఒకటుంది. దాని మీద ఏపీటీ క్యాషర్ పెట్టా, ఒకసారి దింపిన ప్యాకేజీని దాచి మిగతా మెషీన్లకి పంచుతుంది. మొదటి మెషీన్‌కి 50 నిమిషాలు పట్టింది, రెండోది 15 నిమిషాల్లో అయిపోయింది. ఆ ముసలి పీసీయే మమ్మల్ని గట్టెక్కించింది. మా అటెండర్ పెద్దాయన దాని మీద "దీన్ని ముట్టుకోవద్దు" అని స్కెచ్ పెన్‌తో రాసి కాగితం అంటించాడు.

పదిహేడు మెషీన్లు అలా వదిలేసి, మూడింటి మీద మాత్రం డెబియన్ 13 పెట్టా. మే నెలలోనే దాని ఇన్‌స్టాలర్ తొలి ఆర్‌సీ (విడుదలకి ముందు పరీక్షకిచ్చే వెర్షన్) వచ్చింది. రేపెప్పుడైనా అందరం మారాల్సిందే కదా, మన గదిలో ఏం పగులుతుందో ముందే చూద్దామని. సరదాకి ఒకదాన్ని తెలుగులో ఇన్‌స్టాల్ చేశా, డెబియన్ ఇన్‌స్టాలర్‌లో తెలుగు ఉంది. పెద్దాయన పక్కన కుర్చీ వేసుకుని ప్రతి తెరా పైకి చదివాడు. డిస్క్‌ని ముక్కలు చేసే తెర దగ్గర మాత్రం "ఇదేందబ్బయా, తెలుగే గానీ తెలుగు కాదు" అన్నాడు.

మే 28న డెబియన్ వాళ్లకి ఇన్‌స్టలేషన్ రిపోర్ట్ పంపా. ఇది ఎవరైనా పంపొచ్చు, ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. ఒక ఫారం వస్తుంది: మొదటి బూట్, నెట్‌వర్క్ కార్డు గుర్తింపు, డిస్క్ విభజన, ఇలా వరుసగా. పని చేస్తే ఓ, చేయకపోతే ఈ, ప్రయత్నించకపోతే ఖాళీ. నెట్‌వర్క్ కార్డు దగ్గర ఓ కొట్టినప్పుడు నాకు కలిగిన ఆనందం మామూలుది కాదు. తొమ్మిది రోజులకు జవాబొచ్చింది, రెండు లైన్లు, కృతజ్ఞతలు, హార్డ్‌వేర్ వివరాలు బాగున్నాయని. ఎక్కడో ఎవరో మన కావలి గదిలోని పెట్టె గురించి చదివారు.

జూన్ రెండో వారంలో మొదలైంది అసలు టెన్షన్. నాలుగు మెషీన్లలో, కాసేపు ఎవరూ ముట్టకపోతే వైఫై పడిపోతుంది. తిరిగి రావాలంటే రీబూటే. పదిహేడింటిలో నాలుగే ఎందుకు? రౌటర్ మార్చి చూశా, మెషీన్ల చోటు మార్చి చూశా, పై కిటికీ దగ్గరవైతే ఉప్పుగాలి తగులుతోందేమోనని కూడా అనుకున్నా. తుమ్మలపెంట సముద్రం మాకు దగ్గరే లెండి. ఎనిమిది రోజులు పోయాక తేలింది: పీసీఐ లైన్ కరెంటు పొదుపులోకి వెళ్లి చిప్ తిరిగి లేవడం లేదు. డ్రైవర్‌కి ఆ పొదుపుని (దాని పేరు ఏఎస్‌పీఎం ఎల్1) ఆపేయమని చెప్పే ఒక్క లైన్ ఫైల్ పెట్టాక మళ్లీ పడలేదు. కొత్త హార్డ్‌వేర్‌కి సపోర్ట్ ఉందంటే చిప్ కనపడుతుందని మాత్రమే అర్థం. నిలబడుతుందో లేదో వారం రోజులు వాడితేగానీ తెలియదు.

ఈలోగా ప్రిన్సిపాల్ గారు సొంతానికి ఒక ల్యాప్‌టాప్ కొన్నారు, సరికొత్త మోడల్. "నాక్కూడా అదే పెట్టబ్బయా" అన్నారు. 13 పెట్టా. అన్నీ బాగున్నాయి, స్పీకర్ మాత్రం నోరు విప్పలేదు. ఏప్రిల్‌లో వచ్చిన ఫెడోరా 42ని పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూస్తే పాట మోగింది. దాంట్లో కెర్నెల్ 6.14.

నాకు కోపం వచ్చింది. విడుదలకి ముందే ఉంది కదా 6.14, 13లో అదే పెట్టేస్తే ఏం పోయింది? డెబియన్ వాళ్లని అదే అడిగా. మర్యాదగా, క్లుప్తంగా జవాబొచ్చింది: కెర్నెల్ మారదు, విడుదలయ్యాక బ్యాక్‌పోర్ట్స్ చూడండి. ఆ రోజు నొచ్చుకున్నా. కానీ అదే జూన్‌లో 6.14కి ఆయుష్షు తీరిపోయింది, ఇంక దానికి అప్‌డేట్లు రావని ప్రకటించారు. నేనడిగింది ఇచ్చి ఉంటే, పుట్టకముందే పాలు మానేసిన బిడ్డని చేతిలో పెట్టినట్టయ్యేది. 6.12 ఎల్‌టీఎస్, దానికి ఏళ్ల తరబడి రిపేర్లు వస్తాయి. ఉబుంటు వాళ్లది ఇంకో దారి. విడుదల రోజుకి అందుబాటులో ఉన్న సరికొత్త కెర్నెలే పెడతామని 2024 ఆగస్టులో చెప్పారు, దానికి తగ్గట్టు ఆరు నెలలకోసారి మార్చే మనుషులూ వాళ్లకున్నారు. నా ల్యాబ్‌కి ఉన్నది నేనొక్కణ్నే.

ఇదంతా ప్రిన్సిపాల్ గారికి వివరించబోయా. "అదంతా సరే, మోగుతుండాదా లేదా?" అన్నారు. రూ. 300 బ్లూటూత్ స్పీకర్ ఒకటి కొనిచ్చా, నా డబ్బులతో.

ఫ్రీజ్ అంటే ఏమిటో ఆ మూడు మెషీన్ల మీద కళ్లారా చూశా. మే చివర్లో రోజూ డజన్ల కొద్దీ అప్‌డేట్లు. జూలై మధ్యకి వచ్చేసరికి వారానికి పదో పన్నెండో, అవీ చిన్న చిన్న రిపేర్లే. వాన వెలిశాక చూరు నీళ్లు కారడం తగ్గినట్టు. అది చూసే నాకు 13 మీద నమ్మకం కుదిరింది, ఏ రివ్యూ చదివీ కాదు.

ఆ నమ్మకాన్ని జూలై 9న ఒక సెకండియర్ కుర్రాడు పరీక్షకు పెట్టాడు. వాడికి పైథాన్ 3.13 కావాలట. 12లో ఉన్నది 3.11. పాస్‌వర్డ్ నేనే ఇచ్చా, తెలివైనవాడు కదా అని. 12 మెషీన్‌లో 13 రిపో (ప్యాకేజీల గోదాము) లైన్ చేర్చి ఇన్‌స్టాల్ కొట్టాడు. దాదాపు అన్ని ప్రోగ్రాములూ ఆధారపడే జీలిబ్‌సీ లైబ్రరీ 2.36 నుంచి 2.41కి ఎగిరింది, దాని వెంట సగం సిస్టమ్ కదిలింది, ఆరువందల చిల్లర ప్యాకేజీలు, వాటిలో తీసేసేవి కూడా. వై కొట్టమంటే వై కొట్టాడు. డెస్క్‌టాప్ పోయి నల్ల తెర మిగిలింది. వాడు నా గది బయట అరగంట నిలబడ్డాడట లోపలికి రావడానికి భయపడి. "సార్, ఒకటి చెప్పాలి, తిట్టబాకండి" అన్నాడు. తిట్టలేదు. ఇలాంటి అతుకుల బొంతని ఫ్రాంకెన్‌డెబియన్ అంటార్రా అని చెప్పి, వాడి చేతే మొదటి నుంచి ఎక్కించా. ఆ రోజు నుంచి వాడే నా అసిస్టెంట్.

అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది మాత్రం హార్డ్‌వేర్ కాదు. మా సీ లాంగ్వేజ్ మేడమ్ ఒకసారి 13 మెషీన్ మీద కూర్చుని ల్యాబ్ రికార్డులోని మొదటి ప్రోగ్రామ్ కొట్టారు. ఎర్రర్. రెండోది, ఎర్రర్. "ఏందండీ ఇది, పదేళ్ల నుంచి ఇవే ప్రోగ్రాములు" అన్నారు, స్వరంలో కొంచెం అనుమానం, నేనేదో చెడగొట్టానని. డెబియన్ 12లో సీ కంపైలర్ జీసీసీ 12, డెబియన్ 13లో జీసీసీ 14. మెయిన్ ముందు ఇంట్ రాయకపోయినా, హెడర్ ఫైల్ చేర్చకుండా ఫంక్షన్ పిలిచినా పాతది గొణిగి ఊరుకునేది. 14 ఒప్పుకోదు, అది తప్పే అంటుంది. మా రికార్డులో 41 ప్రోగ్రాములుంటే 34 ఆగిపోయాయి. గ్నూ89 అనే పాత స్టాండర్డ్ వాడమని ఆప్షన్ ఇస్తే నడుస్తాయి, అది చూపించా. మేడమ్ మాత్రం ఒప్పుకోలేదు, "తప్పు తప్పే కదా" అని రెండు ఆదివారాలు కూర్చుని అన్నీ దిద్దారు. మిడ్ పరీక్షకి పది రోజుల ముందు ఇరవై మెషీన్ల మీదా ఇది బయటపడి ఉంటే? మే నెలలో తొందరపడి అన్నిటికీ 13 పెట్టనందుకు ఆ రోజు దణ్ణం పెట్టుకున్నా.

మిడ్ పరీక్షలు 12 మీదే జరిగాయి, ఏ మెషీనూ మొండికేయలేదు. జూలై 27న ఫుల్ ఫ్రీజ్, ఆగస్టు 9న డెబియన్ 13 విడుదల. ఆ శనివారం రాత్రి అసిస్టెంట్ మెసేజ్ పెట్టాడు, "సార్, సోమవారం అన్నీ మార్చేద్దామా?" నా వేళ్లూ దురద పెట్టాయి. కానీ వద్దన్నా. మొదటి పాయింట్ రిలీజ్ (రిపేర్లన్నీ కలిపి ఇచ్చే విడుదల) రానీ, సెలవులు రానీ. 13.1 సెప్టెంబర్ 6న వచ్చింది. దసరా సెలవుల్లో నాలుగు రోజులు, మెషీన్‌కి 40 నిమిషాల చొప్పున, మేమిద్దరం, ఒక డజను సోడాలు. రెండు మెషీన్లలో నెట్‌వర్క్ కార్డు పేరు మారిపోయి కాసేపు ఏడిపించింది. ఏఎస్‌పీఎం ఫైల్‌ని అలాగే ఉంచా, తీసి చూసే ధైర్యం లేక.

ప్రిన్సిపాల్ గారి ల్యాప్‌టాప్‌కి 13 బ్యాక్‌పోర్ట్స్ నుంచి 6.16 కెర్నెల్ వేశా. స్పీకర్ మోగింది. ఆయన పెట్టిన మొదటి శబ్దం ఘంటసాల పాట కాదు, వాట్సాప్‌లో వచ్చిన ఎవరిదో పెళ్లి వీడియో. బ్లూటూత్ స్పీకర్ ఇంకా తిరిగి రాలేదు.

కాలేజీ తెరిచిన మూడో రోజు ఒకమ్మాయి ఏడుపు మొహంతో వచ్చింది. ప్రోగ్రామ్‌ని టెంప్ ఫోల్డర్‌లో దాచుకుందట, కరెంటు పోయి వచ్చేసరికి లేదు. 13లో టెంప్ డిస్క్ మీద కాకుండా ర్యామ్‌లో ఉంటుంది. విడుదల నోట్స్‌లో ఉంది, నేను చదివాను కూడా, పిల్లలకి చెప్పడం మర్చిపోయా. ఆ అమ్మాయికి మార్కులు పోకుండా మేడమ్‌తో మాట్లాడా, గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించా.

చివరికి పెన్‌డ్రైవ్ పట్టుకుని కింద ఆఫీసు గదిలోకి వెళ్లా, ప్రింటర్ పీసీ కోసం. పెద్దాయన లేచి అడ్డం నిలబడ్డాడు. "దాని జోలికి పోబాక సామీ." అప్పుడు గుర్తొచ్చింది, 13లో 32 బిట్ పీసీలకి ఇన్‌స్టాలరూ లేదు, కెర్నెలూ లేదు. పెన్‌డ్రైవ్ జేబులో పెట్టేసుకున్నా. మే నెలలో అంటించిన కాగితం వెలిసిపోయి అక్షరాలు కనపడటం లేదు. ఆయన కొత్త కాగితం మీద మళ్లీ అదే మాట రాసి ఇచ్చాడు. అంటించే ముందు దాని కింద నేను చిన్నగా ఒక తేదీ రాశా, 12కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయే తేదీ: 10-06-2026.